ఆరని చుక్క

"ఏడు," అన్నాడు గ్లవ్స్ దొర. "అక్షరాలా ఏడు కిలోమీటర్లు. బండిని ఎవరు తిప్పారో, ఎందుకు తిప్పారో పన్నెండింటిలోగా నాకు తెలియాలి. తెలియకపోతే రేపటి వేలం రద్దు. బండి వెనక్కి పంపించేస్తాం."

వేలం కంపెనీ తరఫున బండికి విలువ కట్టడానికి వచ్చిన మనిషి అతను. టీ తాగేటప్పుడు కూడా తెల్లటి చేతితొడుగులు తియ్యడు కాబట్టి రెండు రోజుల్లోనే ఆ పేరు అంటుకుంది. అతని ఎదురుగా నిలబడ్డ పెద్దమనిషికీ ఒక పేరుంది, గడియారం. పోలీసు శాఖలో ముప్ఫై ఏళ్ళు ఏ కేసు వచ్చినా ముందు "ఎన్ని గంటలకి?" అని అడిగి తర్వాతే "ఎవరు?" అని అడిగినందుకు వచ్చిన పేరది. రిటైరై మూడేళ్ళయినా అది ఆయన్ని వదల్లేదు. వేలం చూడ్డానికి ఒకరోజు ముందే వచ్చిన ఆయనకే సెంటర్‌వాళ్ళు ఈ పని అప్పగించారు.

గడియారం చేతి వాచీ చూసుకున్నాడు. బుధవారం, పదీ ఐదు.

ఇద్దరి మధ్యా బండి ఉంది. రెండే సీట్లు. నేలకి జానెడెత్తున, బూడిద రంగులో, పందెం కోసం మాత్రమే పుట్టిన కారు. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి ఇరవై మూడు తయారు చేసి ఆపేశారు. ఒంటి మీద కాలిన గాయాలున్నవాళ్ళకీ, కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకీ చోటిచ్చే ఈ సెంటర్‌కి ఒకావిడ దాన్ని ఉట్టినే ఇచ్చేసింది. రేపు పదకొండు గంటలకి వేలం వేస్తే వచ్చే డబ్బుతో నలభై పడకల వార్డు కట్టాలని సెంటర్ ఆశ.

"సోమవారం సాయంత్రం నాలుగున్నరకి లారీలోంచి దించగానే మీటరు ఫొటో తీశాను. పద్దెనిమిది వేల నాలుగు వందల పన్నెండు. ఇవాళ ఎనిమిదిన్నరకి చూస్తే చివరి పన్నెండు పందొమ్మిదైంది. మా క్యాటలాగులో ఏం వేశామో తెలుసా? 'పందొమ్మిదేళ్ళుగా గేటు దాటని బండి' అని. కొనేవాళ్ళ మొహం నేనెలా చూడాలి?"

"గ్లవ్స్ అడ్డం పెట్టుకోండి," అన్నాడు గడియారం.

"జోకులొద్దు. బండి బయటికెళ్ళిందంటే ఒకటే కారణం. అసలు ఇంజిను దించేసి నకిలీది ఎక్కించారు, నడుస్తుందో లేదో ఓ చుట్టు చుట్టొచ్చారు. దానం పేరు పైకి, సొత్తు ఇంటికి. ఇలాంటి దాతల్ని చాలామందిని చూశాను. ముందు ఆ మేడంని గట్టిగా అడగండి."

గడియారానికి కోపం సులువుగా రాదు. ఇప్పుడు వచ్చింది. వచ్చిన కోపం కేసు మీదిది కాదని, ఆ మేడం మీద మాట పడ్డందుకని ఆయనకి తెలుసు, అందుకే వాచ్‌మన్ వైపు తిరిగాడు.

"తెల్లారగట్ల డ్యూటీ నీదేనా?"

"నాదే సార్. ఆరింటికి దిగా. ముందు గేటు దగ్గరే ఉన్నా, కన్ను కూడా మూయలేదు."

"ఏమన్నా వినపడిందా?"

"ఉరిమింది సార్."

"ఎన్ని గంటలకి?"

"ఐదూ నలభైకి. వానొస్తుందని ఆరేసిన చొక్కా తీసుకొస్తుంటే అంబులెన్సు డ్రైవరు గదిలో అలారం మోగింది. ఆయన రోజూ ఐదూ నలభైకే పెట్టుకుంటాడు. పెట్టుకుంటాడు గానీ లేవడనుకోండి."

"వాన పడిందా?"

"చుక్క కూడా పడలేదు సార్. ఓ పావుగంటకి మళ్ళీ ఉరిమింది. అదీ వెనక వైపే."

"వెనక గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"ముగ్గురి దగ్గర. పెద్దక్క దగ్గరొకటి, అంబులెన్సు డ్రైవరు దగ్గరొకటి, చక్రాల కుర్చీలు బాగుచేసే మిస్త్రీ దగ్గరొకటి. బాగుచేసిన కుర్చీని ఆయన వెనక రోడ్డు మీద తోసి చూస్తాడు."

గడియారం తలూపి బండి బానెట్ ఎత్తాడు. గ్లవ్స్ దొర కంగారుగా ముందుకొచ్చాడు. "ఒట్టి చేతులతో ముట్టుకోకండి!"

"ముట్టుకోను, చూస్తాను. మీరు చూశారా లోపల?"

"ఇంజిను నంబరు సరిపోయింది. నంబరు కొట్టడం ఎంతసేపు?"

ప్రతి నట్టు మీదా, ప్రతి బోల్టు మీదా ఒక చిన్న చుక్క ఉంది. నట్టు మీంచి పక్కనున్న ఇనుము మీదకి పాకేలా పెట్టిన చుక్క. బిగించాక అలా పెడితే, తర్వాత ఎవరైనా నట్టు తిప్పినప్పుడు చుక్క రెండుగా తెగిపోతుంది. ఇంజినుని ఛాసిస్‌కి పట్టి ఉంచే పెద్ద బోల్టులు నాలుగింటి మీదా చుక్కలు ఎండి, పెచ్చులు లేచి, నల్లబడి ఉన్నాయి. ఒక్కటీ తెగలేదు.

"ఇంజిను దించలేదు. ఇలా వచ్చి చూడండి," అన్నాడు గడియారం.

గ్లవ్స్ దొర వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. లేచేటప్పటికి మొహం చిన్నబోయింది గానీ మాట తగ్గలేదు. "మరి ఇవేంటి?"

అతను చూపించిన చోట పెట్రోలు గొట్టం కొత్తది. దాని రెండు కొసల దగ్గరా, బ్యాటరీ పట్టీ దగ్గరా ఉన్న చుక్కలు నల్లబడలేదు. నిగనిగలాడుతున్నాయి. వంకాయ రంగు. గడియారం గోటితో మెల్లగా నొక్కితే చుక్కలో గుంట పడింది. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాడు. థిన్నరు వాసన, దాని అడుగున ఆడవాళ్ళ గోళ్ళరంగు వాసన.

"గోళ్ళరంగు!" గ్లవ్స్ దొర చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "ఇంజిను పోతే పోనీ. చెయ్యి మాత్రం ఆడమనిషిదే. పదండి, అడుగుదాం."

"నేనడుగుతాను. మీరు ఇక్కడే ఉండండి."

వెళ్ళబోతూ గడియారం ఒకసారి బండి లోపలికి చూశాడు. డ్రైవరు సీటు బెల్టు వదులుగా వేలాడుతోంది. పక్క సీటులో ఎవరూ కూర్చున్న జాడ లేదు, మీది దుమ్ము చెదరలేదు. అయినా ఆ ఖాళీ సీటుకి బెల్టు బిగించి ఉంది.

ఆవిడ విజిటర్ల గదిలో కిటికీ పక్కన కూర్చుని ఉంది. పందొమ్మిదేళ్ళ క్రితం ఆయన మొదటిసారి చూసినప్పుడు కూడా ఇలాగే ఒక కిటికీ పక్కన కూర్చుని, "ఉన్నాడా, లేడా, అదొక్కటి చెప్పండి ఇన్‌స్పెక్టర్ గారూ" అంది. ఆవిడ భర్త పందేల్లో బండ్లు నడిపేవాడు, తన బండ్లు తనే బాగుచేసుకునేవాడు. ఎవరిదో కొత్త బండి పరీక్ష చేస్తానని వెళ్ళి వంతెన మీంచి నదిలోకి దూకించేశాడు. అప్పటికే బండికి మంటలంటుకున్నాయి. నదిలో బండి దొరికింది, హెల్మెట్ దొరికింది, ఒక బూటు దొరికింది. మనిషి దొరకలేదు. మూడో రోజు గడియారం 'మృతి' అని రాసి ఫైలు మూసేశాడు.

ఆ తర్వాత ఏటా ఒకసారి ఏదో సాకు పెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళేవాడు. ఫైల్లో సంతకం కావాలనో, ఇటుగా వెళ్తున్నాననో. ఆవిడ షెడ్డు తలుపు తీసి, భర్త పందేల్లో నడిపిన ఈ బండిని చూపించేది. ఆయన బండిని చూస్తున్నట్టు నటించేవాడు. ప్రేమించానని ఆయన ఎవరితోనూ అనలేదు, తనతో తను కూడా ఆలస్యంగానే అన్నాడు. పోయిన నెల ఆవిడే ఫోన్ చేసి, "బండి ఇచ్చేస్తున్నానండీ. అది షెడ్డులో ఉన్నంత కాలం నేను గుమ్మం వైపు చూడ్డం మానను. ఇక చాలు" అంది. ఆ 'ఇక చాలు' విన్న దగ్గర్నుంచీ గడియారం ఒక ప్రశ్న తయారు చేసుకుంటున్నాడు. రేపు వేలం అయ్యాక అడగాలని. చిన్న ప్రశ్నే. సాయంత్రాలు నాతో టీ తాగుతారా అని.

ఇప్పుడు ఆవిడ ముందు కూర్చుని వేరే ప్రశ్న అడిగాడు.

"ఆ చుక్కల సంగతేంటండీ?"

ఆవిడ నవ్వింది. "చూశారా? నా గోళ్ళరంగే. మావాడికి పెయింటు డబ్బా మూత తియ్యాలంటే బద్ధకం. నా సీసా ఎత్తుకెళ్ళేవాడు. అందులోనే బుల్లి కుంచె ఉంటుంది కదా. నట్టు బిగించడం, చుక్క పెట్టడం. పెళ్ళైన కొత్తలో నెలకి రెండు సీసాలు కొనేదాన్ని. ఒక్క గోరుకీ రంగుండేది కాదు. తడి చుక్క కనిపిస్తే నాకేమో ముట్టుకోవాలనిపించేది. అటు తిరిగి పని చేసుకుంటూనే, ఎలా తెలిసేదో ఏమో, 'ఆరలేదోయ్, ముట్టుకోకు' అనేవాడు."

"వంకాయ రంగు."

"అదొక్కటే వాడేదాన్ని. ఆ కంపెనీ ఎప్పుడో ఎత్తేశారు."

"చివరి సీసా మీ దగ్గరుందా?"

"లేదు. ఆ రోజు పొద్దున్న కొత్త సీసా. మూత కూడా నేను తియ్యలేదు. చొక్కా జేబులో వేసుకుని వెళ్ళాడు." ఆవిడ ఆగింది. "ఎందుకలా అడుగుతున్నారు?"

"మీ షెడ్డులో ఉన్నప్పుడు బండిని ఎవరు చూసుకునేవారు?"

"ఆరు నెలలకోసారి ఒక మెకానిక్ వచ్చి ఇంజిను కాసేపు తిప్పి వెళ్ళేవాడు. అతనికి చుక్కల అలవాటు లేదు. గేటు దాటనివ్వలేదు నేను. నా పేరు మీద కొన్న బండి, నేనే కాపలా. ఏమైంది ఇన్‌స్పెక్టర్ గారూ?"

"ఇవాళ పొద్దున్న ఎవరో బయటికి తీశారు. పావుగంట తిప్పి తెచ్చి పెట్టారు."

"ఎంత తిరిగింది?"

"ఏడు కిలోమీటర్లు."

ఆవిడ చెయ్యి కిటికీ చువ్వ మీద బిగుసుకుంది. "పని అయ్యాక ఏడు తిప్పాలి. తక్కువైతే ఇంజిను వేడెక్కదు, ఎక్కువైతే పెట్రోలు దండగ. ఏడు తిప్పి, వచ్చి, చుక్కలు తెగాయేమో చూసుకోవాలి. ఇది ఏ పుస్తకంలోనూ లేదండీ. వాడి లెక్క. ఆ ఏడుకి నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. నేను వంటపనిలో ఉండి రానంటే, బెల్టు టకటక కొట్టుకోకుండా నా సీటుకి బిగించి, 'పోనీలే, నీ సీటుని తిప్పుకొస్తా' అనేవాడు."

గడియారం తల దించుకున్నాడు. బెల్టు మాట ఆయన ఇంకా చెప్పలేదు. చెప్పకుండా దాచినా లాభం లేదని ఆవిడ కళ్ళు చూస్తే తెలుస్తోంది.

"పక్క సీటుకి బెల్టు పెట్టి ఉంది కదూ?"

"ఉంది."

"మరి నన్నెందుకు పిలవలేదు?" అంది ఆవిడ.

గడియారం లేచి నిలబడి, పోలీసు గొంతు అరువు తెచ్చుకుని అన్నాడు. "తొందరపడకండి. సీసా ఆయన జేబులోంచి ఇంకెవరైనా తీసుకుని ఉండొచ్చు. ఆయనకి కీడు చేసినవాడే కావచ్చు. నన్ను కనుక్కోనివ్వండి."

ఆయన ఆ మాట సగం డిటెక్టివ్‌గానే అన్నాడు. మిగతా సగం, అలా అయితే బాగుండునన్న ఆశ. ఆ ఆశని గుర్తుపట్టగానే ఒళ్ళంతా సిగ్గేసింది.

వరండాలో గ్లవ్స్ దొర ఎదురొచ్చాడు. పదకొండూ ఐదు.

"ఒప్పుకుందా?"

"ఆవిడ సోమవారం నుంచి ఈ ఊళ్ళోనే లేదు. ఇవాళ తొమ్మిదింటికి దిగింది. టికెట్టు చూశాను."

"అయితే మనుషుల్ని పెట్టి చేయించింది."

"ఎందుకు? పాడైన గొట్టం తీసి మంచి గొట్టం వెయ్యడానికా? మీ జన్మలో ఇలాంటి దొంగని చూశారా, దొంగిలించాల్సింది పోయి బాగుచేసి వెళ్ళినవాణ్ణి?"

"ఆ దొంగ నాకు మనిషిగా కావాలి, కబుర్లుగా కాదు," అన్నాడు గ్లవ్స్ దొర. "పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువకి నేను ఫోన్ చేస్తాను. వార్డు సంగతి మీరే పెద్దక్కకి చెప్పుకోండి. మీకు ఆ మేడం మీద జాలి ఎక్కువ. ఈ పనికి జాలి పనికిరాదు."

"ఈ పనికి గ్లవ్స్ కూడా పనికిరావు," అని గడియారం విసురుగా పక్కకి తప్పుకున్నాడు. తప్పుకోవడంలో గోడవారగా ఉన్న ఖాళీ చక్రాల కుర్చీ కాలికి తగిలింది. దెబ్బ గట్టిగానే తగిలింది. వంగి మోకాలు రుద్దుకుంటూ ఉంటే కళ్ళు చక్రం ఇరుసు దగ్గర ఆగిపోయాయి.

నట్టు మీద వంకాయ రంగు చుక్క.

పక్క కుర్చీ చూశాడు. దానికీ ఉంది, కాస్త నల్లబడి. దాని పక్కదానికి ఇంకా నల్లబడి. వరండా పొడుగునా పదకొండు కుర్చీలున్నాయి. రిటైరైన పోలీసు అధికారి పదకొండింటి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని లేచాడు. చక్రాల కుర్చీలో వెళ్తున్న ఒక పెద్దాయన ఆగి, "ఏమన్నా పడిపోయిందా బాబూ?" అని అడిగాడు.

"దొరికింది," అన్నాడు గడియారం.

సెంటర్‌ని నడిపే పెద్దక్క ఆఫీసు గదిలో ఉంది. అరవై ఐదేళ్ళ మనిషి, చేతిలో ఎప్పుడూ తాళాల గుత్తి.

"కుర్చీలు బాగుచేసే మిస్త్రీ ఎప్పట్నుంచి ఉన్నాడక్కా?"

"నాకన్నా ముందు నుంచీ, అన్నయ్య గారూ. బతుకుతాడని ఎవరూ అనుకోలేదట. మొహం, మెడ, ఎడం చెయ్యి అంతా కాలిపోయింది. తన గదిలో అద్దం పెట్టనివ్వడు. పేరడిగితే 'ఏదో ఒకటి రాసుకోండి' అన్నాడు. మేమూ మిస్త్రీ అనే రాసుకున్నాం. బంగారంలాంటి పని. ఆ చుక్క పెట్టాడంటే ఆ చక్రం జన్మలో ఊడదు."

"ఆ రంగు ఎక్కడిది?"

"ఒక్కటే సీసా. ప్రాణం దానికి. ఎండిపోయినప్పుడల్లా థిన్నరు పోసి కలుపుకుంటాడు, పొదుపుగా. కొత్తది కొనిస్తానంటే వద్దంటాడు."

"ఈ బండి మీకు ఎలా వచ్చింది? ఆవిడని అడిగిందెవరు?"

పెద్దక్క కాస్త తడబడింది. "ఏటా దాతలకి ఉత్తరాలు రాస్తాం కదా. ఈ ఏడాది మిస్త్రీయే ఒక అడ్రసు ఇచ్చాడు. వాడకుండా పడున్న బండ్లు ఏవైనా ఉంటే ఇవ్వండని ఒక లైను కూడా కలపమన్నాడు. ఎందుకయ్యా అంటే, 'అది ఇంట్లో ఉంటే ఆ మనిషికి నిద్రుండదు' అన్నాడు. నాకేం అర్థం కాలేదు."

గడియారానికి అర్థమైంది. ఆవిడ ఎదురుచూపు మానాలని తనొక్కడే కోరుకున్నాననుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇద్దరు కోరుకున్నారు. ఒకడు తన కోసం, ఒకడు ఆవిడ కోసం.

"చేరిన తేదీ చూపించండి."

పాత రిజిస్టరు తీసింది. పసుపుపచ్చబడ్డ కాగితం మీద రెండు తేదీలున్నాయి. గాయపడ్డ తేదీ ఆయనకి కంఠస్థం. ఎక్కడ్నుంచి పంపారు అన్నచోట నది దిగువనున్న ఆస్పత్రి పేరుంది. ఇసుక లారీవాళ్ళు తెచ్చి అక్కడ పడుకోబెట్టారట.

ఆ రోజుల్లో నది పొడుగునా ఆరు ఆస్పత్రులుండేవి. గడియారం నాలుగు ఆస్పత్రులకి మాత్రమే ఫోన్ చేశాడు. ఈ ఆస్పత్రి ఐదోది. ఐదోదానికి ఎందుకు చెయ్యలేదో రిపోర్టులో రాయలేదు, ఎవరూ అడగలేదు. అలసిపోయానని అప్పుడు అనుకున్నాడు. కిటికీ పక్కన కూర్చున్న మనిషికి ఏదో ఒక సమాధానం చెప్పేయాలన్న తొందర అని తర్వాత అనుకున్నాడు. అంతకు మించి తవ్వుకోవడానికి ఈ పందొమ్మిదేళ్ళలో ఎప్పుడూ ధైర్యం చాల్లేదు.

రిజిస్టరు మూసి వాచీ చూసుకున్నాడు. పదకొండూ నలభై.

నోరు విప్పకపోతే ఏమవుతుందో లెక్క కట్టాడు. అంబులెన్సు డ్రైవరు సరదాపడి తిప్పాడంటే గ్లవ్స్ దొర సణుగుతాడు గానీ నమ్ముతాడు. వేలం జరుగుతుంది, వార్డు లేస్తుంది. మిస్త్రీ కోరుకున్నదీ అదే. ఆవిడ ఇంటికెళ్ళి ఖాళీ షెడ్డు తలుపు మూస్తుంది. సాయంత్రం టీ. అంతా సవ్యంగానే ఉంది, ఒక్క ప్రశ్న తప్ప. మరి నన్నెందుకు పిలవలేదు.

గ్లవ్స్ దొర గుమ్మంలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. "దొరికాడా మీ దొంగ?"

"దొరికాడు. మీ క్యాటలాగులో ఆ లైను కొట్టేసి, 'ఈ బండిని పందేల్లో గెలిపించినవాడే చివరిసారిగా నడిపాడు' అని వేయండి. ధర తగ్గదు."

"ఆయన చచ్చిపోయాడని మీరే కదా రాసింది?"

"తప్పు రాశాను," అన్నాడు గడియారం.

గ్లవ్స్ దొర ఫోన్ దించాడు. తర్వాత, ఈ మూడు రోజుల్లో మొదటిసారి, మెల్లగా గ్లవ్స్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

విజిటర్ల గదిలో ఆవిడ లేచి నిలబడే ఉంది.

"వెనక షెడ్డులో ఉన్నాడు," అన్నాడు గడియారం. "మొహం బాగా కాలింది. మీకు కనిపించకూడదనే ఇన్నాళ్ళూ దాక్కున్నాడనుకుంటాను. ఆ రోజు నేను ఇంకొక్క ఫోన్ చేసి ఉంటే మీకు అప్పుడే దొరికేవాడు. అది మీకు తర్వాత వివరంగా చెప్తాను. మీరు నన్ను తర్వాత తిట్టండి."

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. చెప్పులు అక్కడే వదిలేసి నడిచింది. వరండాలో కుర్చీల పక్కనుంచి వెళ్తూ ఒకసారి వంగి ఒక చక్రాన్ని చూసింది, మళ్ళీ నడిచింది. ఆయన పది అడుగులు వెనకగా వెళ్ళాడు. షెడ్డు గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. లోపలికి వెళ్ళే హక్కు ఆయనకి లేదు.

లోపల ఒక మనిషి అటు తిరిగి బోర్లించిన కుర్చీ మీద వంగి ఉన్నాడు. పానా కిందపెట్టిన చప్పుడయింది. సీసా మూత తిప్పిన చప్పుడయింది. ఆవిడ చప్పుడు లేని పాదాలతో అతని వెనక్కి చేరి, భుజం మీంచి చెయ్యి చాచింది, చక్రం మీది తడి చుక్క వైపు.

గడియారం అలవాటు కొద్దీ వాచీ వైపు చెయ్యెత్తాడు. టైము చూడకుండానే దించేశాడు.

"ఆరలేదోయ్," అంది లోపలినుంచి బొంగురుపోయిన గొంతు, వెనక్కి తిరగకుండానే. "ముట్టుకోకు."